పై గదిలో పుట్టే పక్షవాతం

రేపల్లె, చెరుకుపల్లి, నిజాంపట్నం వైపు ఎవరికైనా కాలూ చెయ్యీ పడిపోయిందంటే, చూడబోయినవాళ్లు మొదట అడిగేది "బీపీ బిళ్లలు మానేశాడా?" అని. అడగాల్సిన ప్రశ్నే. మెదడులో నాళం చిట్లినా, పూడుకుపోయినా దాని వెనక బీపీ ఉండటం మామూలు. అయితే అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది. నాడి లయ తప్పి కొట్టుకుంటోందా అన్నది. దాన్ని అడిగేవాళ్లు తక్కువ. రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతాల్లో దాదాపు అయిదింట ఒకటి గుండె పై గదుల లయ తప్పటంతో ముడిపడి ఉంటుందని ప్రపంచమంతటి లెక్కలు చెబుతున్నాయి. ఆ రకం పక్షవాతం కొట్టే దెబ్బ కూడా పెద్దదే. గుండెలోంచి కదిలి వచ్చే గడ్డ పెద్దది, అది మెదడులో మూసేసే నాళమూ పెద్దది.

గుండెకు నాలుగు గదులని బడిలోనే చదువుకున్నాం. కింది రెండూ జఠరికలు, పై రెండూ కర్ణికలు. పేరుప్రఖ్యాతులన్నీ జఠరికలవే. గుండెపోటన్నా, గుండె పంపు బలం ఇంత శాతమని ఎకో రిపోర్టులో రాసినా ముఖ్యంగా ఎడమ జఠరిక గురించే. కర్ణికల సంగతి రిపోర్టులో ఒక్క వరుసలో తేలిపోతుంది: "ఎల్ఏ డైలేటెడ్". ఎడమ కర్ణిక సాగిందని అర్థం. ఆ వరుస దగ్గర ఆగి చదివే రోగి కనపడడు. విడమరిచి చెప్పడానికి చాలాసార్లు డాక్టరుకూ తీరిక ఉండదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క వరుస గురించే.

కర్ణిక గోడ మందం రెండు మూడు మిల్లీమీటర్లు. అంత పలచని గోడతో అది చేసే పనులు తక్కువేమీ కాదు. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం సిరల గుండా ఎడమ కర్ణికకు చేరుతుంది. కింద జఠరిక బిగుసుకుని ఉన్నంతసేపూ ఆ రక్తాన్ని పట్టి ఉంచేది కర్ణికే. మిట్రల్ వాల్వు తెరుచుకోగానే కిందికి వదులుతుంది. చివర్లో తానూ ఒకసారి ముడుచుకుని మిగిలిందాన్ని తోస్తుంది. జఠరికలో నిండే రక్తంలో 20 నుంచి 30 శాతం ఈ చివరి తోపు వల్ల వచ్చేదే. పాతికేళ్ల ఆరోగ్యవంతుడికి ఆ తోపు లేకపోయినా పెద్దగా తెలియదు. జఠరిక గోడ బిరుసెక్కిన ముసలివాళ్లకూ, వాల్వు ఇరుకైనవాళ్లకూ అది పోయిందంటే నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

గుండెకు తాళం వేసేదీ పై గదే. కుడి కర్ణిక గోడలో ఉన్న చిన్న కణుపు నుంచి ప్రతి గుండెచప్పుడూ మొదలవుతుంది. దాన్ని 1907లో ఇంగ్లండులో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ గుర్తించారు. ఫ్లాక్ అప్పటికింకా వైద్య విద్యార్థి. ఆ కణుపు మొదట కంటబడింది మనిషి గుండెలో కాదు, నేలలో బొరియలు తవ్వుకునే మోల్ అనే చిన్న జంతువు గుండెలో. ఇంకో సంగతి 1981 దాకా బయటపడలేదు. కెనడాలో అడోల్ఫో డి బోల్డ్ ఎలుకల కర్ణికల నుంచి తీసిన రసాన్ని వేరే ఎలుకలకు ఎక్కించి చూస్తే అవి ఉప్పునూ నీటినీ మూత్రంలో విపరీతంగా వదిలేశాయి. అంటే కర్ణిక ఒక గ్రంథి కూడా. గోడ సాగినప్పుడల్లా, ఒంట్లో నీరు ఎక్కువైందని మూత్రపిండాలకు కబురు పంపే హార్మోను విడుస్తుంది. దడ వచ్చినప్పుడల్లా మూత్రానికి మాటిమాటికీ లేవాల్సి వస్తోందని కొందరు చెబుతుంటారు. ఇంట్లోవాళ్లు భయం అని కొట్టిపారేస్తారు గానీ, అది ఈ హార్మోను పనే.

ఈ గది జబ్బుపడితే బయటికి కనిపించే పెద్ద గుర్తు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. డాక్టర్లు క్లుప్తంగా ఏఎఫ్ అంటారు. కణుపు మాట చెల్లకుండా పోయి, కర్ణికల్లో నిమిషానికి 350 నుంచి 600 దాకా విద్యుత్ అలలు ఎటుపడితే అటు తిరుగుతాయి. గది ముడుచుకోదు, వణుకుతుంది. ఆ అలలన్నీ కిందికి దిగితే మనిషి బతకడు. దారిలో ఉన్న మరో కణుపు కొన్నిటినే వదిలి మిగతావాటిని ఆపేస్తుంది. అందుకే మణికట్టు దగ్గర నాడి వేగంగా, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ పొంతన లేకుండా తగులుతుంది. కొందరికి గుండె గొంతులోకి వచ్చినంత దడ. కొందరికి ఆయాసం, నీరసం. కొందరికి ఏమీ తెలియదు, అసలు చిక్కంతా వాళ్లతోనే. వాళ్లకు మొదటి కబురు పక్షవాతమే కావచ్చు.

ఈ జబ్బును పట్టుకున్న కథ చిన్న ఊళ్ల డాక్టర్లకు నచ్చుతుంది. జేమ్స్ మెకంజీ పెద్దాసుపత్రి ప్రొఫెసరేమీ కాదు. ఇంగ్లండులో బర్న్‌లీ అనే బట్టల మిల్లుల ఊళ్లో, దగ్గులూ జ్వరాలూ కాన్పులూ చూసుకునే మామూలు డాక్టరు. మణికట్టు నాడినీ మెడ సిర కదలికనూ ఒకేసారి కాగితం మీద గీసే పరికరం ఒకటి తయారు చేసుకున్నాడు. కీళ్లవాత జ్వరం వల్ల మిట్రల్ వాల్వు ఇరుకైన ఒక స్త్రీని ఏళ్ల తరబడి చూస్తూ ఉండగా, కర్ణిక ముడుచుకున్నప్పుడల్లా మెడ సిరలో లేవాల్సిన అల ఒకనాటి నుంచి మాయమైంది. నాడి కూడా అప్పుడే గతి తప్పింది. కర్ణిక చచ్చుబడిందని ఆయన ఊహించాడు. సరిగ్గా అదే కాకపోయినా చాలా దగ్గరికి వచ్చిన ఊహ. 1906లో హాలెండులో ఐంథోవెన్ తన ఈసీజీ యంత్రంతో ఆ గతి తప్పిన లయను గీసి చూపాడు. 1909లో లండన్‌లో థామస్ లూయిస్, వియన్నాలో మరో ఇద్దరు అది కర్ణికల వణుకేనని తేల్చారు. పెద్ద యంత్రాలు వచ్చి ధ్రువపరిచాయి గానీ, ఒకే మనిషిని ఒకే డాక్టరు ఇరవై ఏళ్లు చూడటం వల్ల దొరికిన సత్యం ఇది. ఇవాళ కార్పొరేట్ ఆసుపత్రిలో వెళ్లిన ప్రతిసారీ కొత్త డాక్టరు కనిపిస్తాడు.

లయ తప్పితే పక్షవాతం ఎందుకొస్తుంది? డెల్టావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పారే కాలవలో నాచు పట్టదు, వేసవిలో నీళ్లు కట్టేశాక మిగిలిన మడుగుల్లో పడుతుంది. ముడుచుకోని కర్ణికలో రక్తం అలాగే మందగించి గడ్డ కడుతుంది. ఎడమ కర్ణికకు పక్కగా ఒక చిన్న సంచి వేలాడుతుంటుంది. గడ్డలకు అది ఇష్టమైన చోటు. 1996లో ఇద్దరు అమెరికా డాక్టర్లు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పోగేసి లెక్క చూస్తే, వాల్వు జబ్బు లేని ఏఎఫ్‌లో దొరికిన గడ్డల్లో 91 శాతం ఆ సంచిలోనే ఉన్నాయి. కీళ్లవాత జ్వరం వల్ల వాల్వు చెడినవాళ్లలో మాత్రం 57 శాతమే సంచిలో, మిగతావి గదిలోనే. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ముందు పనికొస్తుంది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని దశాబ్దాల పాటు చూస్తూ వచ్చిన పరిశోధన ప్రకారం, ఏఎఫ్ ఉన్నవారికి పక్షవాతం ప్రమాదం అయిదు రెట్లు. కీళ్లవాత జ్వరపు వాల్వు జబ్బు కూడా తోడైతే పదిహేడు రెట్లు.

మన దగ్గర ఈ జబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పాతది, అదే గొంతు నొప్పి దారి. అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతు వాస్తుంది. నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. రెండు మూడు వారాలకు మోకాలు వాచి, అది తగ్గాక చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి, ఇలా కీలు మార్చి కీలుకు నొప్పి తిరుగుతుంది, జ్వరం. కీళ్లవాత జ్వరమంటే ఇదే. సూక్ష్మజీవిని చంపడానికి ఒంట్లో తయారైన సైన్యం పోలిక తెలియక సొంత గుండె వాల్వుల మీదే పడుతుంది. కీళ్ల నొప్పులు ఆనవాలు లేకుండా పోతాయి, వాల్వు మీది గాటు పోదు. మళ్లీ గొంతు నొప్పి వచ్చినప్పుడల్లా గాటు మీద గాటు పడవచ్చు. పెద్దవాళ్లలో మిట్రల్ వాల్వు మామూలుగా నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకోవాలి. అది ఒకటిన్నర లోపుకు కుదించుకుపోతే తీవ్రమైన జబ్బు కింద లెక్క. కిందికి దిగలేని రక్తం కర్ణికలో పోటెత్తి గదిని సాగదీస్తుంది. నాలుగు సెంటీమీటర్ల లోపు ఉండాల్సిన గది ఆరూ ఏడూ సెంటీమీటర్లకు పెరుగుతుంది. ఒక్కోసారి పక్కనున్న స్వరపేటిక నరం నొక్కుకుపోయి గొంతు బొంగురుపోతుంది. చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషికి గుండెజబ్బు బయటపడటం అలాంటప్పుడే.

ఈ దారిన వచ్చినవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. నాట్లలో వంగి పనిచేసేటప్పుడు వచ్చే ఆయాసాన్ని రక్తం తక్కువై వచ్చిందనుకుని టానిక్కులు తాగి గడిపేస్తారు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది, ఇరుకు వాల్వు తట్టుకోలేదు. జబ్బు బయటపడేది అప్పుడు. అదీ ఎవరైనా గుండెమీద స్టెతస్కోపు పెట్టి శ్రద్ధగా వింటేనే.

దేశంలో 24 కేంద్రాల్లో 2011, 2012 సంవత్సరాల్లో 1,537 మంది ఏఎఫ్ రోగుల వివరాలను భారత హృదయ లయ నిపుణుల సంఘం సేకరించింది. హైదరాబాదు నుంచి డాక్టర్ కాలంబూర్ నరసింహన్ ఆ బృందంలో ఉన్నారు. సగటు వయసు 55 దగ్గర తేలింది. ఐరోపా, అమెరికాల్లో ఇది 70 దగ్గర ఉండే ముసలితనపు జబ్బు. మన రోగుల్లో దాదాపు సగం మందికి మూలం కీళ్లవాత జ్వరపు వాల్వు జబ్బే. అంటే కుటుంబాన్ని నడపాల్సిన వయసులో మనవాళ్లకు పక్షవాతం వస్తోంది, చిన్నప్పటి గొంతు నొప్పి వల్ల.

దీన్ని ఆపటానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. కీళ్లవాత జ్వరం ఒకసారి వచ్చిందని తేలిన పిల్లలకు మూడు వారాలకోసారి బెంజథీన్ పెన్సిలిన్ సూది, ఏళ్ల తరబడి. అంతే. కానీ సూది పడదేమోనన్న భయంతో చాలా క్లినిక్కులు వెయ్యవు, కొన్నిచోట్ల మందు దొరకదు, నొప్పి తగ్గిందని తల్లిదండ్రులు మానేస్తారు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం 2016లో గుండె మార్పిడి శస్త్రచికిత్స చేసింది. గుండెనే మార్చగలిగిన జిల్లాలో 21 రోజుల సూది తప్పిపోవటం నాకు మింగుడుపడదు. వాల్వు ఇరుకైపోయాక కూడా దారి ఉంది. జపాన్ డాక్టర్ కంజీ ఇనోవే 1982లో మొదలుపెట్టిన పద్ధతిలో తొడ దగ్గరి సిర గుండా బెలూన్ పంపి వాల్వును తెరుస్తారు, ఛాతీ కోయక్కర్లేదు. మనకు హైదరాబాదు, గుంటూరు, విజయవాడల్లో ఇది చాలాకాలంగా జరుగుతున్నదే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం వాల్వు ఆపరేషన్లను పేదలకు అందుబాటులోకి తెచ్చింది.

రెండో దారి కొత్తది, ఇప్పుడిదే వెడల్పవుతోంది. బీపీ, షుగరు, ఊబకాయం, మద్యం, పెద్ద గురకతో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, వీటన్నిటి మీదా వయసు. బీపీ వల్ల జఠరిక బిరుసెక్కుతుంది, దాన్ని నింపడానికి కర్ణిక ఏళ్ల తరబడి కష్టపడుతుంది. కండరం మధ్య మచ్చ కణజాలం పెరుగుతుంది. మచ్చ దగ్గర విద్యుత్ దారి తప్పుతుంది. ఎండు చేపలూ ఆవకాయా లేకుండా ముద్ద దిగని తీరప్రాంతంలో ఉప్పు గురించి చెప్పబోతే వినేవాళ్లు తక్కువ, అయినా చెప్పక తప్పదు.

గత ముప్ఫై ఏళ్లలో ఈ రంగంలో ఆలోచనే మారింది. 1995లో నెదర్లాండ్స్‌లో అలెస్సీ బృందం మేకల కర్ణికలకు పదేపదే విద్యుత్ ప్రేరణ ఇచ్చి ఏఎఫ్ తెప్పించింది. మొదట్లో కొన్ని క్షణాలుండి పోయే వణుకు, రోజులు గడిచేకొద్దీ తనంతట తాను ఆగకుండా నిలిచిపోయింది. ఏఎఫ్ కర్ణికను చెడగొడుతుంది, చెడిన కర్ణిక ఏఎఫ్‌ను పెంచుతుంది. అయితే వణుకు లేకపోయినా చెడిన కర్ణిక గడ్డ కట్టగలదా? పేస్‌మేకర్ ఉన్న 2,580 మంది గుండె లయను నిరంతరం గమనించిన ఒక పరిశోధనలో, పక్షవాతం వచ్చినవారిలో 8 శాతం మందికే అంతకు ముందు నెల రోజుల్లో ఏఎఫ్ నమోదైంది. వణుకే ఏకైక కారణమైతే లెక్క ఇలా రాకూడదు. 2016లో నాలుగు ఖండాల గుండె లయ సంఘాలు కలిసి దీన్ని కర్ణిక కండర వ్యాధిగా నిర్వచించాయి. లయ తప్పటం ఆ వ్యాధి చూపే ఒక లక్షణం, గది రోగమే మూలం అన్నది ఆ చూపు.

అలాగైతే లయ తప్పకముందే రక్తం పలచబడే మందు ఇచ్చేయవచ్చు కదా అన్న ఆశ పుట్టింది. కారణం తెలియని పక్షవాతం వచ్చి, కర్ణిక జబ్బు గుర్తులు ఉన్న 1,015 మందిలో సగానికి ఎపిక్సబాన్, సగానికి ఆస్పిరిన్ ఇచ్చి చూశారు. 2024లో వచ్చిన ఫలితం: రెండు గుంపుల్లోనూ మళ్లీ పక్షవాతం ఏడాదికి 4.4 శాతమే, తేడా లేదు. కనక ఎకోలో గది సాగిందని రాసినంత మాత్రాన ఈ మందు మొదలుపెట్టకూడదు. ఆ వరుస చూసి చేయాల్సింది బీపీని అదుపులో పెట్టడం, ఏఎఫ్ కోసం మళ్లీమళ్లీ వెతకడం.

ఏఎఫ్ ఉందని ఈసీజీలో తేలాక సంగతి వేరు. అప్పుడు వయసు, బీపీ, షుగరు, పాత పక్షవాతం వంటివి లెక్కగట్టి, అవసరమైనవారికి రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు ఇవ్వాలి. మన ఊళ్లలో జరుగుతున్న తప్పు ఇక్కడే. చాలామంది చేతిలో ఆస్పిరిన్ పెట్టి పంపేస్తారు. ఏఎఫ్‌లో ఆస్పిరిన్ దాదాపు దండగ. పాత మందైన వార్ఫరిన్ పడదనుకున్న 5,599 మందిలో ఆస్పిరిన్‌తో పోల్చి చూస్తే, ఎపిక్సబాన్ పక్షవాతాన్ని సగానికి పైగా తగ్గించింది, పెద్ద రక్తస్రావాల్లో తేడా రాలేదు. 2011 నాటి సంగతి ఇది, కొత్త కబురేమీ కాదు.

ఎపిక్సబాన్ లాంటి కొత్త మందులు అందరికీ కాదు. కీళ్లవాత జ్వరపు వాల్వు జబ్బుతో ఏఎఫ్ వచ్చినవాళ్ల మీద, అంటే సరిగ్గా మన రోగుల మీద, 24 దేశాల్లో నాలుగున్నర వేల మందితో ఇన్విక్టస్ అనే పరిశోధన జరిగింది. దాని సారథుల్లో ఒకరు అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న డాక్టర్ గణేశన్ కార్తికేయన్. 2022లో తేలిందేమిటంటే, ఇలాంటివాళ్లకు కొత్తదైన రివరాక్సబాన్ కంటే పాత వార్ఫరిన్ తరహా మందే మేలు, ప్రాణాలు నిలిపేది అదే. సంచిలో 57 శాతమే, మిగతావి గదిలోనే అన్న ఆ లెక్క ఇక్కడ గుర్తుకు రావాలి. కాబట్టి వాల్వు ఇరుకున్న మనిషి పక్కింటాయన కొత్త బిళ్ల వేసుకుంటున్నాడని తన ఎసిట్రోమ్ (వార్ఫరిన్ తరహా బిళ్ల) మానుకోకూడదు.

ఎసిట్రోమ్, వార్ఫరిన్ వేసుకునేవాళ్లకు పీటీ ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష ప్రాణాధారం. చాలామందికి ఫలితం 2కూ 3కూ మధ్య ఉండాలి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. దాని కోసం పల్లెల నుంచి రేపల్లెకో తెనాలికో రావాలి, ఒక రోజు కూలి పోతుంది. పరీక్ష వాయిదా పడేది అందుకే. ఆకుకూరలు మానమని చెబుతుంటారు గానీ, అవసరం లేదు. వారంలో తినే పాళ్లు ఒక్కసారిగా మారకుండా చూసుకుంటే చాలు. అసలు ప్రమాదం మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఒళ్లునొప్పుల బిళ్లలతో, విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ లాంటి వాటితో. పెళ్లయిన ఆడపిల్ల ఈ మందు మీద ఉంటే, నెల తప్పిన వెంటనే డాక్టరుకు చెప్పాలి. తొలి నెలల్లో ఇది కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

లయను సరిచేసే చికిత్సలూ ఉన్నాయి. 1998లో ఫ్రాన్సులో మిషెల్ హైసగేర్, ఏఎఫ్‌ను రెచ్చగొట్టే మెరుపుల్లో అత్యధికం ఊపిరితిత్తుల సిరల మొదళ్ల నుంచి వస్తున్నాయని చూపాక, ఆ చోట్లను కాల్చే ఎబ్లేషన్ మొదలైంది. హైదరాబాదులో జరుగుతుంది, ఖర్చుతో కూడినది, ఎంచుకున్నవారికే పనికొస్తుంది. అమెరికాలో కాన్సస్ డాక్టర్ ధనుంజయ లక్కిరెడ్డి 2013లో 49 మందికి మూడు నెలలు యోగా నేర్పించి చూస్తే ఏఎఫ్ దడలు తగ్గాయి. చిన్న పరిశోధన అది. యోగా చేయండి గానీ బిళ్లలు మానకండి.

అన్నిటికంటే ముందు జబ్బు ఉందని తెలియాలి. 2022లో జిల్లా మారి బాపట్లలో కలిసినా రేపల్లెకు గుండె డాక్టరు దారి తెనాలి మీదుగా గుంటూరుకే. కానీ ఏఎఫ్‌ను అనుమానించడానికి ఏ ఊరికీ వెళ్లనక్కర్లేదు. మణికట్టు మీద, బొటనవేలి మొదలు కింద, మూడు వేళ్లు ఆనించి నిమిషం పాటు చూడాలి. దెబ్బలు సమంగా పడకపోతే, ఆ గతి ఎంతకీ కుదురుకోకపోతే ఈసీజీ తీయించాలి. ఇంట్లో డిజిటల్ బీపీ మిషను ఉంటే లయ తప్పిందని తెలిపే గుర్తు వస్తోందేమో చూడండి, చాలా మిషన్లలో అది ఉంటుంది. మిషను వచ్చాక చెయ్యి పట్టుకుని నాడి చూసే అలవాటే పోయింది. గ్రామాల్లో ముప్ఫై దాటినవారికి బీపీ, షుగరు చూస్తున్న ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు అరవై అయిదు దాటినవారి నాడి కూడా చూసేలా ప్రభుత్వం ఒక్క గడి చేర్చాలి. ఖర్చు ఏమీ లేదు.

చివరిగా ఒక్క మాట. ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా ఆ క్షణం గడియారం చూసి టైము రాసుకోండి. గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది, అంతకు ముందు సీటీ స్కాన్ కావాలి, రేపల్లె నుంచి గుంటూరు సుమారు 60 కిలోమీటర్లు. ఆకు పసరు కోసమో, తెల్లారనిద్దామనో ఆగకండి. 108కి ఫోన్ చేసి, టైమూ, వేసుకుంటున్న బిళ్లల పేర్లూ వాళ్లకు చెప్పండి.